ఆదివారం వోల్టేజీ

అది 2022 జూలై. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో రెండు రసాయనాల ఫ్యాక్టరీల మధ్య ఇరుక్కున్న ఒక అద్దె షెడ్డులో అప్పటికీ ఇప్పటికీ నా పని. నేను ట్రాన్స్‌ఫార్మర్లు చుడతాను. వీధి చివర స్తంభాలకు వేలాడేవి కావు, రెండు చేతులతో ఎత్తగలిగేవి. ఫ్యాక్టరీల ప్యానెల్ బోర్డుల్లో ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయినప్పుడు నా దగ్గరికి వస్తాయి. పాత తీగ విప్పుతూ చుట్లు లెక్కపెడతాను, అన్నే చుట్లు కొత్త తీగ బాబిన్ అనే చట్రం మీద చుట్టి, కోర్ అనే ఇనుప రేకుల దిమ్మకు ఎక్కించి, వార్నిష్‌లో ముంచి ఆరబెట్టి పంపిస్తాను.

అద్దె షెడ్డు అని చెప్పడానికి కారణం ఉంది. ఇదే పారిశ్రామికవాడలో మా నాన్నగారికి సొంత ఫ్యాక్టరీ ఉండేది. ఎనభై మంది పనివాళ్లు, గేటు మీద ఇత్తడి అక్షరాల్లో మా ఇంటిపేరు. అది ఎలా పోయిందన్నది ఈ వ్యాసానికి సంబంధించిన విషయం కాదు. ఆ స్థలంలో ఇప్పుడొక మందుల కంపెనీ గోదాము ఉంది. నేను చుట్టిన ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ మా ఇంటిపేరు చెక్కిన చిన్న అల్యూమినియం పట్టీ బిగిస్తాను. పట్టీ లేకుండా నా షెడ్డు దాటి ఒక్కటి కూడా బయటికి పోదు.

మా ఫ్యాక్టరీలో చుట్టే పని చేసిన సత్తయ్యకు ఇప్పుడు ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర సొంత షాపు. నలుగురు పనివాళ్లు, గోడ మీద నిలువెత్తు అక్షరాల్లో అతని పేరు. బెంగళూరు నుంచి, పుణె నుంచి మనుషులు వెతుక్కుంటూ వస్తారు. నేను బస్సులో సంగారెడ్డి వెళ్లే రోజుల్లో ఇస్నాపూర్ రాగానే ఆ షాపు కనబడకుండా అవతలి కిటికీలోంచి చూసేవాణ్ణి. ఇది దాచవలసిన విషయమని చాలాకాలం అనుకున్నాను. దాస్తే ఈ అనుభవం ఎవరికీ అర్థం కాదు కాబట్టి రాస్తున్నాను.

వాళ్లు వెతుక్కుంటూ వచ్చేది ట్యూబ్ యాంప్లిఫైయర్ల కోసం. ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోల్లో గాజు వాల్వులు ఉండేవి, స్విచ్ వేసిన కాసేపటికి లోపల నారింజరంగులో చిన్న తీగ వెలిగేది. ఆ వాల్వులతోనే పాట వినాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొందరు సొంతంగా తయారు చేసుకుంటారు. అందులో రెండు రకాల ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. గోడలోంచి వచ్చే కరెంటును వాల్వులకు కావలసిన వోల్టేజీలుగా మార్చి ఇచ్చేది పవర్ ట్రాన్స్‌ఫార్మర్. వాల్వుల్లోంచి వచ్చిన పాటను స్పీకరుకు అందించేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. విన్నవాళ్లు పొగిడేది రెండోదాన్నే. మొదటిది ఉందన్న సంగతి అది గుంయ్‌మని మోగితేనే తెలుస్తుంది. సత్తయ్య పేరు పోయింది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ల మీద.

ఆ జూలైలో ఒక బుధవారం దేవదానం సార్ నా షెడ్డుకు వచ్చారు. లెక్కల మాస్టరుగా రిటైరై, రుద్రారంలో హైవే పక్క కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఇల్లు కాలనీదే గాని కరెంటు పారిశ్రామికవాడ లైనులోదే. చేతిలో అగ్గిపెట్టెల కట్టంత చెక్కపెట్టె, అందులో దూదిలో రెండు వాల్వులు.

"ఈఎల్ 34 సార్. జోడీ. ఆరేండ్లు తిరిగిన వీటికోసం," అన్నారు. "ఒక్కటి పోయినా ఇగ నాకు దొరకది. ఇంక ఆరేండ్లు తిరిగే వయసు గాదు నాది."

"అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు?"

"అయిపోయినయ్. ఇస్నాపూర్ సత్తయ్య చుట్టిండు. ఏం చెయ్యి సార్ ఆయనది! తీగ మీద తీగ, పుస్తకంల లైన్ల లెక్క. పవర్‌ది గూడ చెయ్యమంటే మూడు నెలలు ఆగమంటడు, తీరుబాటు లేదట. మీ పేరు ఆయనే చెప్పిండు. 'కోర్ ఇనుము కాడ కక్కుర్తి పడరు, చిన్నసారు దగ్గరికి పోండ్రి' అన్నడు."

యాభై నాలుగేళ్ల వయసులో నేను ఇంకా చిన్నసారునే. మా నాన్నగారు పెద్దసారు. ఆయన పోయి పదేళ్లు దాటినా నాకు ఆ పదవి దక్కలేదు. అదొక సంగతైతే, సత్తయ్యకు తీరిక లేక వదిలేసిన పని నాకు వచ్చిందన్నది ఇంకో సంగతి. వద్దనేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఒక ఆలోచన ఆపింది. దేవదానం సార్ ఇంట్లో ఆదివారాలు మధ్యాహ్నం ఆరేడుగురు కలిసి పాటలు వింటారట. అందరూ సొంతంగా యాంప్లిఫైయర్లు కట్టుకునేవాళ్లే. ఈ ఒక్కటి వాళ్ల ముందు బాగుంటే, ఆ ఏడుగురిలో ఇద్దరైనా ఇస్నాపూర్ దాటి నా షెడ్డు దాకా వస్తారు. ఫ్యాక్టరీల పనికి చుట్టినవాడి పేరు ఎవరూ అడగరు. పేరడిగేది వీళ్లే. నాకు అది కావాలనిపించింది.

"ఎంత వోల్టేజీ కావాలి?" అని అడిగాను.

"మూడు వందలు, సున్న, మూడు వందలు అని పుస్తకంల ఉన్నది."

అంటే మధ్యలో ఒక కొస, దానికి అటు మూడు వందలు, ఇటు మూడు వందలు ఇచ్చే సెకండరీ చుట్టు. సెకండరీ అంటే బయటికి ఇచ్చే చుట్టు, ప్రైమరీ అంటే గోడ కరెంటు తీసుకునే చుట్టు.

"పుస్తకంలో రెక్టిఫైయర్ వాల్వుదా, డయోడా?"

రెక్టిఫైయర్ అంటే ఏసీని డీసీ చేసే భాగం. ఆయన దగ్గర రెక్టిఫైయర్ వాల్వు లేదు, డయోడులు పెడుతున్నారు. వాల్వు తన కోసం కొంత వోల్టేజీ మింగుతుంది, డయోడు మింగదు. కాబట్టి అదే ఫలితం రావాలంటే రెండు వందల ఎనభై చాలని చెప్పాను. తర్వాత వాల్వుల్లో దీపంలా వెలిగే తీగకు, హీటర్‌కు, 6.3 వోల్టుల చుట్టు. ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. బాగా చదువుకునే పిల్లవాడు రాసుకున్నట్టే ఉంది.

వెళ్లబోతూ జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టారు. "సత్తయ్య ఇమ్మన్నడు, మీకు పనికొస్తదేమో."

చీటీ మీద రెండు లైన్లు. 'ప్రైమరీకి 210, 230, 250 ట్యాపులు పెట్టాలె. ఆదివారం కరెంటు చూసుకోవాలె.' ట్యాపు అంటే చుట్టు మధ్యలోంచి బయటికి లాగిన కొస. గోడ కరెంటు ఎంతుంటే ఆ కొసకు కలుపుకోవచ్చు. రాత కూడా అతనిదేనని చూడగానే గుర్తుపట్టాను. మా నాన్నగారి ఫ్యాక్టరీలో జాబ్ కార్డుల మీద ఆ వంకర అక్షరాలు వందలసార్లు చూశాను. అతను నాకు నేర్పుతాడా అనిపించింది. ట్యాపులు పెడితే చుట్టు లావెక్కుతుంది, కొసలు పెరుగుతాయి, చూడ్డానికి అందం పోతుంది అని నాకు నేను కారణాలు చెప్పుకుని చీటీని తీగల డబ్బా కింద తోసేశాను.

పని మొదలుపెట్టాను. వోల్టుకు మూడు చుట్ల లెక్కన ప్రైమరీ ఆరు వందల తొంభై చుట్లు. ఒక తీగ మీదికి ఇంకో తీగ ఎక్కకుండా, వరస వరసకూ మధ్య కాగితం వేస్తూ చుట్టాను. సత్తయ్య చుట్టు పుస్తకంలో లైన్లలా ఉంటే నాది అచ్చులో పోసినట్టుండాలి. శనివారానికల్లా సెకండరీ, హీటర్ చుట్లు కూడా అయిపోయాయి. వార్నిష్‌లో ముంచేముందు బరువు కలిపి కొలవాలి. అంటే వాల్వులు ఎంత కరెంటు తింటాయో అంత తినే రెసిస్టర్లు తగిలించి వోల్టేజీ చూడాలి.

కొలిచాను. 280 ఉండాల్సిన చోట 265. హీటర్ దగ్గర ఆరు కూడా లేదు.

గోడ సాకెట్‌లో కొలిస్తే 218 ఉంది. పారిశ్రామికవాడలో కరెంటు అంతే. చుట్టూ ఫ్యాక్టరీల్లో మోటార్లు, కంప్రెసర్లు నడుస్తుంటాయి, వోల్టేజీ కిందికి గుంజుకుపోతుంది. 215, 220 మధ్య తప్ప నా షెడ్డులో మీటరు ముల్లు నేనెప్పుడూ చూడలేదు. మామూలుగా చుట్టేవాడెవడైనా ఇలాంటప్పుడు డిమ్మర్‌స్టాట్ వాడతాడు. చక్రం తిప్పి వోల్టేజీని పెంచుకుని, తగ్గించుకుని, సరిగ్గా 230 దగ్గర పెట్టి కొలిచే పరికరం అది. నా దగ్గర లేదు. మా ఫ్యాక్టరీ టెస్ట్ ప్యానెల్‌లో జర్మనీది ఒకటి ఉండేది. ఫ్యాక్టరీ సామాను వేలం వేసిన రోజు నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ ప్యానెల్ ఇస్నాపూర్‌లో సత్తయ్య షాపులో ఉందని తర్వాత తెలిసింది. నడిచే దూరం కాదుగానీ ఆటోలో పావుగంట. వెళ్లలేదు.

230 దగ్గర ఎంత వస్తుందో కాగితం మీద వేసుకుంటే నిమిషం పట్టదు. వేస్తే నా చుట్టు సరిగ్గానే ఉందని తేలేది. కానీ దేవదానం సార్ ఇంట్లో ఆ ఏడుగురి ముందు మీటరు పెడితే 265 కనిపిస్తుంది. సత్తయ్య చుట్టినదాంట్లో ఏ తప్పూ ఉండదు, నాదాంట్లో పదిహేను వోల్టులు తక్కువ. ఆ ఊహ భరించలేకపోయాను. రుద్రారం కూడా మన లైనే, అక్కడా ఇదే కరెంటు అనుకున్నాను. సెకండరీ మొత్తం విప్పేసి, అటు నలభై ఎనిమిది, ఇటు నలభై ఎనిమిది చుట్లు ఎక్కువ వేశాను. హీటర్‌కు ఒక్క చుట్టు కలిపాను. మంగళవారం మధ్యాహ్నానికి మీటరు మీద 280, 6.3. చుక్క కూడా అటూ ఇటూ లేదు. వార్నిష్ పెట్టి, బట్టీలో ఆరబెట్టి, పట్టీ బిగించి శుక్రవారం ఇచ్చేశాను.

శనివారం దేవదానం సార్ ఫోన్ చేశారు. "రెండు గంటలు నడిపిన సార్! ఈగ చప్పుడు గూడ లేదు. రేపు చర్చి అయినంక అందరు వస్తుండ్రు. మీరు తప్పక రావాలె. సత్తయ్య గూడ వస్తుండు."

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ఆయన భార్య సుగుణమ్మ గారు గుమ్మంలోనే, "రాండ్రి సార్, నా సవతిని చేసింది మీరేనా?" అని నవ్వించారు. "రిటైరైతే నాతోని కూసుంటడనుకున్న. ఆ డబ్బ ముందట కూసుంటుండు. అన్నం చల్లారుతున్నదంటే వాల్వులు వేడెక్కాలె అంటడు!"

ముందుగదిలో ఆరుగురు. సత్తయ్య తెల్లచొక్కాలో కుర్చీ అంచున కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడి, "దండం చిన్నసారు," అన్నాడు. అతను లేవడంతో మిగతావాళ్లు కూడా, ఎవరికోసమో తెలియకుండానే, సగం లేచారు. తర్వాత మళ్లీ అతని చుట్టూ మూగారు. 'సత్తన్నా, ఈ కోర్ ఎక్కడిది? సత్తన్నా, ఎన్ని పొరలు వేసినవే?' ముందువైపు రెండు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు నల్ల రంగులో మెరుస్తున్నాయి. నాది వెనక. నా పట్టీ గోడవైపు తిరిగి ఉంది. నాకు కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు, ఎవరూ ఏమీ అడగలేదు. నేను ఆ చాయ్ కప్పు చూస్తూ, స్విచ్ వేశాక అందరూ నిశ్శబ్దాన్ని విని 'ఎవరిది పవర్ ట్రాన్స్‌ఫార్మర్' అని అడిగే క్షణం కోసం ఎదురుచూశాను.

దేవదానం సార్ స్విచ్ వేశారు. నాలుగో సెకనులో పెద్ద పటాకా పేలినట్టు చప్పుడైంది. తెల్లటి పొగ, వేడి రసాయనపు వాసన, గదినిండా వెండికాగితం ముక్కలు. ఫ్యూజు పోయింది. కెపాసిటర్ పగిలింది. డీసీని నిలవచేసుకునే డబ్బా అది. దాని మీద 450 వోల్టులు అని రాసి ఉంటుంది, అంతకు మించితే ఒప్పుకోదు.

"చెప్పిన గదా, ఈ సవతి ఇల్లు కాలవెడతదని!" అంటూ సుగుణమ్మ గారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు.

దేవదానం సార్ ముందు వాల్వుల మీద చెయ్యి పెట్టి చూశారు. అవి ఇంకా వేడెక్కనే లేదు, క్షేమంగా ఉన్నాయి. ఆయన కుర్చీలో కూలబడి, "తప్పు నాదే," అన్నారు. "ఆ కెపాసిటర్లు హైదరాబాద్‌ల పాత స్టాకు. కొత్తయి కొందామంటే కక్కుర్తి పడ్డ. సత్తయ్య ట్రాన్స్‌ఫార్మర్లకేం గాలేదు గదా?"

అందరూ అవునన్నారు. పాత స్టాకు ఎప్పుడూ కొనకూడదన్నారు. నాకు గుండె మీది బరువు దిగినట్టయింది. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది, కానీ నిజంగా దిగింది.

సత్తయ్య లేచాడు. సంచిలోంచి మీటరు తీసి గోడ సాకెట్‌లో పెట్టాడు. నేను కూర్చున్నచోటికి అంకెలు కనిపించాయి. 252. అతను మీటరు చూడలేదు, నన్ను చూశాడు. "కరెంటు జెర ఎక్కువున్నది," అని మాత్రం అని, మీటరు సంచిలో వేసుకున్నాడు.

నేను చెప్పులు వేసుకోవడానికి వరండాలోకి వస్తే వెనకే వచ్చాడు.

"చిన్నసారు, ఎంత కరెంటు మీద సెట్ చేసిన్రు?" గొంతు బాగా తగ్గించాడు.

"రెండు వందల పద్దెనిమిది."

"పనిదినంల కొలిసిన్రు."

"పటాన్‌చెరులో ఎప్పుడూ అంతేగా ఉండేది?"

"ఆరు రోజులు గంతే, సార్. ఆదివారం సగం కంపెనీలు బందుంటయ్, కరెంటు తినేటోడు ఉండడు, ఎక్కుతది. మీరెప్పుడు చూసిన్రు? ఆదివారం గేటుకు తాళం గదా. మేము నలుగురం వస్తుంటిమి, మోటర్లు విప్పి తుడ్వనీకి. పొద్దుగాల బల్బు ఏస్తే టప్పుమనేది. రెండు మూడు పోయినంక చీకట్లనే పనిచేస్తుంటిమి. పెద్దసారుకు చెప్తే, సోమారం మీటరు పెట్టి చూసి, 'మంచిగనే ఉన్నది గదరా, తాగొచ్చినవా' అన్నడు." అని చిన్నగా నవ్వాడు.

ముప్పై ఏళ్లు ఈ వాడలో ఉన్నాను. ఆదివారం నాడు ఇక్కడి కరెంటు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆదివారం మాకు సెలవు. ఇప్పటికీ ఆదివారం నా షెడ్డు తెరవను.

"ఒక మాట చెప్త, గుస్స కావద్దు," అన్నాడు సత్తయ్య. "కెపాసిటర్ మారుస్తే ఆగదు. హీటర్ల ఎక్కువ పోతున్నది. ఆయన ఆదివారమే నడుపుతడు. ఆర్నెల్లల్ల ఆ జోడీ ఖతం. ట్రాన్స్‌ఫార్మర్ ఏదో సాకు చెప్పి తెప్పియ్యుండ్రి, నా దగ్గర పడేయుండ్రి. కొత్త బాబిన్ మీద ట్యాపులు ఏసి చుడత, మీ కోర్‌లనే ఎక్కిస్త. మీ పట్టీ గట్లనే ఉంటది. నా నోట్లకెళ్లి ఎవ్వనికి తెల్వది."

అతని మీద నాకున్న అసూయ అంతకుముందు ఎప్పుడూ అంత మండలేదు. షాపు, పేరు, పనివాళ్లు, మా ప్యానెల్, వాటన్నిటికీ ఎలాగో అలవాటు పడ్డాను. ఇప్పుడు నా పరువు కూడా అతని చేతిలోకి పోయింది, అతను దాన్ని మడతపెట్టి తిరిగి నాకే ఇస్తున్నాడు. అందులో ఎక్కడా వెటకారం లేదు. ఉన్నా బాగుండేది. తిట్టి వెళ్లిపోయేవాణ్ణి.

నాకు రెండే దారులు కనిపించాయి. ఊరుకుంటే ఆ జోడీ వాల్వులు పోతాయి, దేవదానం సార్ తననే తిట్టుకుంటూ ఉండిపోతారు. సత్తయ్య మాట వింటే వాల్వులు ఉంటాయి, నా పట్టీ కింద అతని చుట్టు ఉంటుంది. నా పట్టీ కింద ఇంకొకరి పని నేనెప్పుడూ పెట్టలేదు. చెప్పులు విప్పి మళ్లీ లోపలికి వెళ్లాను.

"మాస్టారూ, కెపాసిటర్ తప్పు కాదు. తప్పు నాది," అన్నాను.

వెండికాగితం ఏరుతున్నవాళ్లు ఆగిపోయారు. దేవదానం సార్ కోప్పడలేదు. టీపాయ్ మీది కాగితం, పెన్సిల్ నా ముందుకు జరిపారు. "లెక్క చేసి చూపియ్యుండ్రి సార్," అన్నారు. నలభై ఏళ్లు పిల్లలతో అన్న మాట కాబోలు, అంత మామూలుగా అన్నారు.

ఆరుగురి ముందు వేశాను. 218 దగ్గర 6.3 వచ్చేలా చుడితే 252 దగ్గర ఎంత? 7.28. అదే లెక్కన హెచ్‌టీ, అంటే వాల్వులకు వెళ్లే పెద్ద వోల్టేజీ. స్విచ్ వేసిన మొదటి క్షణాల్లో వాల్వులు వేడెక్కవు, కరెంటు తినవు, డయోడులేమో వెంటనే పూర్తి వోల్టేజీ ఇచ్చేస్తాయి. 450 రాసి ఉన్న కెపాసిటర్ మీద దాదాపు 490 పడింది. కొత్తదైనా ఎక్కువకాలం ఆగేది కాదు.

ఆయన కాగితం తీసుకుని ఒక్కో మెట్టూ వేలితో చూశారు. "లెక్క కరెక్టే. తప్పు ఎక్కడ మొదలైంది?"

218 మీద వేలు పెట్టాను.

"ఇంకొంచెం ముందట," అన్నారు. "సత్తయ్య చీటీ ఇచ్చిండు గదా. చూడలేదా?"

"చూశాను."

"మరి?"

గుమ్మంలో సత్తయ్య నిలబడి ఉన్నాడు. నేను అటు చూడకుండానే చెప్పాను. "రాత ఎవరిదో గుర్తుపట్టాను. అందుకని పాటించలేదు."

 సత్తయ్యే అందుకున్నాడు. "నా రాత గట్లనే ఉంటది సార్, కోడి గీకినట్టు. నేనే మళ్ల చదువుకోలేను, ఇగ చిన్నసారు ఏం చదువుతడు!" అందరూ నవ్వారు. నన్ను కాపాడడానికే అన్నాడని అందరికీ తెలుసు. దేవదానం సార్ మాత్రం నవ్వలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకిచ్చి, "మళ్ల చుట్టుండ్రి సార్. మీరే చుట్టాలె. తొందరేం లేదు," అన్నారు.

సోమవారం పట్టీ ఊడదీసి, వార్నిష్ పట్టిన చుట్టును కోసి తీసేశాను. అంత అందంగా చుట్టినదాన్ని ఉలితో కోయడం కష్టంగానే ఉంది. కొత్త బాబిన్ మీద 210, 230, 250 కొసలతో ప్రైమరీ, దాని మీద లెక్కప్రకారం సెకండరీ. మీటరు ఏం చూపించినా చుట్లు మార్చలేదు. కానీ మూడు కొసల్నీ సరిచూడాలంటే మూడు వోల్టేజీలు కావాలి. నా సాకెట్‌లో ఒక్కటే ఉంది. గురువారం దాన్ని సంచిలో వేసుకుని ఇస్నాపూర్ బస్సెక్కాను.

సత్తయ్య తన కుర్చీ ఖాళీ చేసి ఇచ్చి తను నిలబడ్డాడు. ప్యానెల్ చక్రం నేనే తిప్పాను. 250 దగ్గర మూడో కొస, 6.3. 230 దగ్గర రెండోది, 6.3. 210 దగ్గర మొదటిది, అదే. సత్తయ్య చుట్టును వేలితో తడిమి, "ఇక్కడ కాగితం జెర కురచ కోసిన్రు. పక్కకెళ్లి తీగ జారొచ్చు," అన్నాడు. చూస్తే నిజమే. వెనక్కి తీసుకెళ్లి ఆ పొర మళ్లీ చుట్టాను. నాకు కష్టం కలగలేదని చెబితే అబద్ధం.

దేవదానం సార్ యాంప్లిఫైయర్ ఇప్పటికీ ఆదివారాలు నడుస్తోంది. అదే జోడీ వాల్వులు. ఆ గదిలో పొగడ్తలు ఇప్పటికీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లకే. ఆ ఏడుగురిలో నా దగ్గరికి వచ్చింది ఒక్కరే, మిగతావాళ్లు ఇస్నాపూర్ దాటలేదు. అసూయ పోయిందా అని ఎవరైనా అడిగితే, పోలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేముందు ఎంత వోల్టేజీ కావాలని అడిగితే చాలదు, ఏ రోజు, ఏ వేళ నడుపుతారో అడగాలి. మీకు సెలవైన రోజు అక్కడ పనిచేసినవాణ్ణి అడగాలి. అతను చెప్పింది నచ్చకపోతే, నచ్చనిది మాటా, మనిషా అని ఒకసారి చూసుకోవాలి. నేను చూసుకోకపోవడం వల్ల అటు నలభై ఎనిమిది, ఇటు నలభై ఎనిమిది చుట్లు ఎక్కువ పడ్డాయి.

ఇప్పుడు నా పని ఏదైనా సరిచూడాలంటే ఇస్నాపూర్ వెళతాను. ప్యానెల్ ఖాళీగా లేకపోతే బయట బెంచీ మీద కూర్చుంటాను. మొన్న పక్కన కూర్చున్న ఒక కుర్రాడు, పుణె నుంచి వచ్చాడట, నా ఒళ్లో సంచి చూసి, "సత్తన్న దగ్గర ఏం చుట్టించుకోనీకి వచ్చిన్రు అంకుల్?" అని అడిగాడు, ఇక్కడికొచ్చి నేర్చుకున్న యాసలో.

"నేనూ చుట్టేవాణ్ణే, బాబూ," అన్నాను. "కొలుచుకోవడానికి వచ్చాను."